చదివి వినిపించగా విని

ఆదోనిలో రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుగా ఉండే కొట్లలో ఒకదాంట్లో నేను పద్నాలుగేళ్లుగా దస్తావేజులు టైపు చేస్తున్నాను. అమ్మకాలు, దానపత్రాలు, వీలునామాలు, అన్నదమ్ముల పంపకాలు, ఏవి వస్తే అవి. కొట్టు నాది కాదు, ఒక ముసలాయనది. ఆయన్ని నేను చాచా అంటాను. ఆయన ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, కొట్లో తెలుగు మాట్లాడతాడు, కాగితం మీదికి వచ్చేసరికి ఆ రెండూ కాని ఇంకో భాష రాస్తాడు. ఆ భాషలో చేను అమ్మేవాడు ఊరికే అమ్మడు. "తన స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రేరేపణా లేకుండా" అమ్ముతాడు. మనిషన్నాక వయసు, వృత్తి, కాపురం ఉండే ఊరు అన్నీ రాయాలి. స్థలమన్నాక నాలుగు వైపులా హద్దులు చెప్పాలి. పద్నాలుగేళ్లు ఇదే టైపు చేస్తే మనిషి ఎట్లా తయారవుతుందో నన్ను చూస్తే తెలుస్తుంది. మా ఆయన ఒకసారి సంత నుంచి పుచ్చు వంకాయలు తెస్తే, "ఎవరి ప్రేరేపణతో తెచ్చినావు?" అని అడిగాను. ఆయన ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతాడు.

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. దస్తావేజు టైపు చేసి ప్రింటు తీశాక, పార్టీని, అంటే కాగితం రాయించుకోవడానికి వచ్చినవాళ్లని, బెంచీ మీద కూర్చోబెట్టి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గట్టిగా చదివి వినిపిస్తాం. చదువు రాని వాళ్లకే కాదు, లెక్చరర్లకైనా అంతే. చదువుతుంటే వాళ్లు వాక్యానికొకసారి "ఊ" అనాలి. అనకపోతే చాచా ఆగిపోతాడు. కాగితం చివర "చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని" అని ఒక వరుస ఉంటుంది. ఆ వరుస అబద్ధం కాకూడదని ఆయన పట్టుదల. చదివేటప్పుడు ఆయన గొంతు ఎక్కడా ఎక్కదు, దిగదు. నలభై ఏళ్ల అలవాటు వల్ల నోరు దాని పని అది చేసుకుపోతుంది, ఆయన బుర్ర ఆ లోపల ఇంటికి పోయి భోంచేసి వస్తుంది.

ఆయన నమాజుకు పోయినప్పుడు నేను చదువుతాను. ఎదురుగా ఎంత పెద్దమనిషి కూర్చున్నా నా గొంతు వణికింది లేదు. పెద్ద పెద్ద రైతులు, ప్లీడర్లు, మీసాలు మెలేసుకున్న వాళ్లు, అందరిచేతా "ఊ" అనిపించాను. ఇంత ధైర్యవంతురాలిని నేను రాసుకున్న కథ ఒక్కటి, ఒక్కరికి, పద్నాలుగేళ్లలో ఒక్కసారి చదివి వినిపించలేదు.

కథలు రాస్తానన్న సంగతి మా ఆయనకు కూడా తెలియదు. కొట్లో కంప్యూటర్లో "పాత నకళ్లు" అని ఒక ఫోల్డర్ ఉంది. ఆ పేరు చూస్తే ఎవరికీ తెరవబుద్ధి కాదు, అందుకే ఆ పేరు పెట్టాను. మూఢం వచ్చిందంటే మా కొట్టు ఖాళీ. మూఢంలో ఎవరూ ఆస్తులు కొనరు, అమ్మరు, పంచుకోరు. ఆషాఢం కూడా అంతే. చాచా కుర్చీలో కునుకు తీస్తుంటే నేను కథలు రాసుకునేదాన్ని. నా కథలన్నీ మూఢంలో మొదలైనవే. అవి బాగా రాకపోతే, ముహూర్తం మంచిది కాదులే అనుకోవడానికి నాకొక వీలుండేది. రాసినవాటిలో సగానికి పైగా రెండు రోజుల తర్వాత చదువుకుని, సిగ్గేసి, నేనే తుడిచేసేదాన్ని.

ఈ భయం ఎక్కడి నుంచి పట్టుకుందో నాకు బాగా తెలుసు. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక కథ రాసి లెక్చరర్‌కు ఇచ్చాను. ఆయన మంచివాడే, తిట్టలేదు. వారం పెట్టుకుని తిరిగి ఇస్తూ, "చక్కగా రాసినావమ్మా, కానీ ఇందులో ఏముంది?" అన్నాడు. ఆయన ఆ మాట సాయంత్రానికే మర్చిపోయి ఉంటాడు. నేను మాత్రం ఇరవై ఏళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఏం రాసినా మూడో వాక్యానికల్లా చెవిలో "ఇందులో ఏముంది?" అని వినిపించేది. నిజంగానే ఏముంది? నూలు చుట్టడం, బస్సు కోసం కాచుకోవడం, ఉల్లిగడ్డ ధర పడిపోవడం. ఇవేనా కథలు?

కొంత మా అమ్మ నుంచి కూడా వచ్చి ఉంటుంది. మా అమ్మ అన్నం వడ్డిస్తూనే, మనం ముద్ద నోట్లో పెట్టకముందే, "చారు బాగ కుదర్ల్యా ఈ పొద్దు" అంటుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె చారు ఏనాడూ కుదరలేదు, మేము ఏనాడూ మిగల్చలేదు.

మాది ఎమ్మిగనూరు, నేత ఇల్లు. అక్కడి నా చిన్ననాటి తెలుగు మాస్టారు రిటైరైనాక గ్రంథాలయంలో నెలకొక ఆదివారం కథలు చదువుకునే కూటం ఒకటి పెట్టాడు. నేను మూడో తరగతిలో రాసిన "మా ఆవు" వ్యాసం ఆయనకు ఎందుకో మనసులో ఉండిపోయింది. మాకు ఆవు ఎప్పుడూ లేదు, బహుశా అందుకే గుర్తుండి ఉంటుంది. ప్రతి నెలా ఫోన్‌లో మెసేజ్ పెట్టేవాడు: "ఈసారన్నా ఏదైనా తెచ్చి చదువుతావా?" నేను ప్రతి నెలా "జ్వరం సార్" అని పెట్టేదాన్ని. పదకొండు నెలలు వరసగా నాకు నెలకొక ఆదివారం జ్వరం వచ్చింది. పన్నెండో నెల ఆయన "ఒకసారి రక్తపరీక్ష చేయించుకో తల్లీ" అని పెట్టాడు. అది వెటకారమో నిజమో ఈరోజుకీ అర్థం కాలేదు కానీ, నాకు సిగ్గేసింది. సరే, ఒక కథ ప్రింటు తీసుకుని, కాగితం మీద చూసుకుని, బాగుంటే పోదాం అనుకున్నాను.

ఆ కథ మా ఇంటిదే. మా ఇంట్లో నాయన మగ్గం నేసేవాడు, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే ఆ చిన్న నూలు కండెలు ఎన్ని చుట్టిందో లెక్కే లేదు. కానీ మగ్గం గుంటలోకి దిగి నేయడం ఆమె పని కాదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం, మర్చిపోయిన నోటుపుస్తకం కోసం బడి నుంచి ఇంటికి పరుగెత్తుకొచ్చాను. వీధి కిటికీలోంచి చూస్తే అమ్మ గుంటలో కూర్చుని నేస్తోంది. పొద్దున నాయన ఎర్ర పట్టీ దాకా నేసి బయటికి పోయాడు. ఆ పట్టీ దాటి జానెడు తెల్ల గుడ్డ కొత్తగా కనిపించింది. అమ్మ మొహం నేను ఎప్పుడూ చూడని రకంగా ఉంది, నాలుక కొంచెం బయటపెట్టి, చిన్నపిల్ల బొమ్మ గీస్తున్నట్టు. నేను పిలవకుండా వెనక్కి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి నాయన గుంటలో ఉన్నాడు, అమ్మ రాట్నం ముందు ఉంది, గుడ్డ మళ్లీ ఎర్ర పట్టీ దగ్గరే ఉంది. జానెడూ లేదు.

నాయన విప్పేశాడు అనుకున్నాను. ఎనిమిదేళ్ల పిల్లకు అంతకన్నా ఏం తోస్తుంది? అప్పటి నుంచి మా నాయన మీద నాకొక కోపం, బయటికి అనని కోపం, లోపల ఒక మూల ఉండిపోయింది. కథ కూడా అట్లాగే రాశాను. భర్త వస్తాడు, చూస్తాడు, ఒక్క మాట అనకుండా కూర్చుని ఒక్కొక్క పోగూ లాగేస్తాడు. ఆమె మళ్లీ రాట్నం ముందుకు పోయి కండె చుట్టుకుంటుంది. అంతే కథ.

మూఢం చివరి రోజు సాయంత్రం దాన్ని ప్రింటుకిచ్చాను. ప్రింటర్లో కాగితాలు అయిపోయాయి. కొత్త కట్ట రేపు తెద్దాంలే అని ఇంటికి వెళ్లిపోయాను. మూఢం వెళ్లిన మరునాడు మా వీధి తిరునాళ్లలాగ ఉంటుంది. పొద్దున్నే సి.బెళగల్ వైపు పల్లె నుంచి ఒక అవ్వ తన ఇద్దరు కొడుకులతో వచ్చింది. చేను ఇద్దరికీ పంచి ఇచ్చే కాగితం. నేను గబగబా టైపు చేసి, కాగితాలు లేవన్నది మర్చిపోయి ప్రింటుకిచ్చి, అందరికీ టీ చెప్పి వద్దామని బయటికి పోయాను. నేను తిరిగి వచ్చేలోపల చాచా కొత్త కట్ట తెప్పించి ప్రింటర్లో కాగితాలు పెట్టాడు. అది నిన్నటి బాకీ ముందు తీర్చుకుంది. మొదట నా కథ వచ్చింది, దాని వెనక అవ్వ దస్తావేజు వచ్చింది. చాచా మొత్తం కలిపి పిన్ను కొట్టి, అద్దాలు పెట్టుకుని, బెంచీ ముందు నిలబడ్డాడు.

ఇప్పుడు నా కథ ఎట్లా మొదలవుతుందో చెప్పాలి. చెప్పడానికి ఇప్పుడు సిగ్గు లేదు. "కర్నూలు జిల్లా, ఎమ్మిగనూరు కాపురస్థురాలు, వయసు సుమారు ముప్పై సంవత్సరాలు, వృత్తి ఇంటిపని అయిన ఒక స్త్రీ, తన స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రేరేపణా లేకుండా, ఒకరోజు మధ్యాహ్నం మగ్గం గుంటలోకి దిగింది." నేను కావాలని అట్లా రాయలేదు. చేతులకు వచ్చింది అదే. ఇక చాచాకు అనుమానం ఎందుకొస్తుంది?

నేను టీ చెప్పి గడపలోకి వచ్చేసరికి ఆయన మొదటి వాక్యం చదివేశాడు. అవ్వ "ఊ" అనలేదు.

"నాకు మగ్గం యాడిదప్పా? నాది ఉల్లిగడ్డ చేను గదా?"

"అమ్మా, ఊరికుండు" అన్నాడు పెద్ద కొడుకు. "రూల్స్ మారింటాయి. ముందు అట్ల సదివి, తర్వాత మనది సదువుతారు. నువ్వు ఊ అను."

"ఊ" అంది అవ్వ, అనుమానంగానే.

చాచా హద్దుల్లోకి వచ్చాడు. నా కథలో మగ్గానికి కూడా హద్దులున్నాయి మరి. "తూర్పు: వంటింటి గోడ. పడమర: నూలు మూటలు. ఉత్తరం: అవ్వ మంచం. దక్షిణం: వీధి కిటికీ."

"వంటింటి గోడ ఎవురికొచ్చింది?" అన్నాడు చిన్న కొడుకు.

"పెద్దోనికే రావాల" అన్నాడు పెద్ద కొడుకు.

"ఏంటికి? నాకు ఇల్లు కట్టుకునేకి గోడ అక్కర్ల్యా?"

లేని గోడ కోసం అన్నదమ్ములిద్దరూ బెంచీ మీద అటూ ఇటూ తిరిగి కూర్చున్నారు. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. నోరు తెరిచి ఆపమని చెప్పాలి. చెబితే, అది ఎవరిదని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి నేను మానుకొయ్యలాగ నిలబడిపోయాను. చాచా చెయ్యెత్తి వాళ్లను ఊరుకోబెట్టి ముందుకు పోయాడు. "పై నాలుగు హద్దుల నడుమ గల గుంటలోకి ఆమె కాళ్లు దించినది. నాడె చేతిలోకి తీసుకొనగా ఆమె గుండె..."

అక్కడ ఆగాడు. నలభై ఏళ్లలో ఏ దస్తావేజులోనూ ఆయనకు గుండె తగల్లేదు. అద్దాలు తీసి తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ గుండే ఉంది. నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"ఏ క్యా హై బిడ్డా?"

నెట్‌లో దొరికింది చాచా, పొరపాటున వచ్చింది అని చెప్పడానికి నోరు తెరిచాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "అది రాసినామె ఈమే. మొగం సూడు, ఎట్ల ఎర్రగైనాదో" అంది. ఇంకేం చెబుతాను? అవునన్నాను. కథ అన్నాను. చాచా, ఇది కథ, దస్తావేజు కాదు, నన్ను క్షమించు అన్నాను. ఆ కాగితాలు తీసుకుని చింపేయబోయాను కూడా.

"నిలు నిలు. ఆయమ్మ నేసిందా ల్యా? అది సెప్పు ముందు" అంది అవ్వ.

"అవ్వా, మీ పని ఆలస్యమైతుంది."

"చేను యాడికీ పోదులే. సదువు."

చాచా కాగితాలు నా చేతిలో పెట్టి, తాను పోయి బెంచీ మీద అవ్వ పక్కన కూర్చున్నాడు. నలభై ఏళ్లలో ఆయన ఆ బెంచీ మీద కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు. చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ నా గొంతు నాకే వినపడలేదు. రెండో పేజీలో ఆమె మొదటి పోగు వేసినప్పుడు, చిన్న కొడుకు తెలియకుండానే "ఊ" అన్నాడు. అక్కడి నుంచి నాకు దారి దొరికింది. నలుగురూ వాక్యానికొకసారి "ఊ" అంటుంటే, నేను ఎవరిదో దస్తావేజు చదువుతున్నట్టే చదివేశాను. చివరికి వచ్చాను. భర్త పోగులు లాగేశాడు. ఆమె కండె చుట్టుకుంది. అయిపోయింది.

నా చెవిలో లెక్చరర్ గారు సిద్ధంగా ఉన్నారు.

"ఆయమ్మ గుంటలేకి దిగినప్పుడు నాకు భలే బయమేసింది సూడు" అంది అవ్వ. "ఎవరన్నా వస్తారేమోనని." తర్వాత, "గాని ఆ మొగుడు ఒగ మాటన్నా అనకుండ ఊరికే పోగులు లాగేది నేను నమ్మల్యా. కోపమొచ్చిన మొగోడు ఊరికే ఉంటాడా? ఆడ యాదో సరింగ ల్యా" అంది.

నాకు చిన్న పౌరుషం పుట్టింది. మా ఇంటి సంగతి ఈమెకేం తెలుసు అనుకున్నాను. అది కూడా నాకు కొత్తే. అంతవరకు నా కథ బాగాలేదని నేనే అనుకునేదాన్ని, ఇంకొకరు అంటే దాని తరఫున కోపం రావడం మొదటిసారి.

"ఇంతకీ ఇది ఎవురెవురికి సదివి వినిపించినావు?" అని అడిగింది.

"ఎవరికీ లేదు అవ్వా."

"మల్ల రాసేదేంటికి?"

చాచా లేచి, ఈసారి సరైన కాగితాలు వెతికి చేతిలోకి తీసుకుంటూ, "వినిపించని దస్తావేజు చెల్లదు బిడ్డా. ఎంత బాగ రాసినా చెల్లదు" అన్నాడు. తర్వాత అవ్వ చేను చదివాడు. ఈసారి హద్దులు చదివేటప్పుడు అన్నదమ్ములిద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు, వంటింటి గోడ తగాదా అట్లా తీరిపోయింది. ఆ సాయంత్రం మాస్టారుకు మెసేజ్ పెట్టాను: "జ్వరం తగ్గింది సార్. ఆదివారం వస్తాను."

ఆదివారం ఎమ్మిగనూరు బస్సెక్కాను. మా ఆయనకు, అమ్మను చూసి వస్తానని చెప్పాను. అమ్మకు, వస్తున్నానని చెప్పనేలేదు. కూటానికి పోయి, చదివి, ఇంట్లోవాళ్లకు తెలియకుండా సాయంత్రం బస్సుకు తిరిగి రావాలని నా పథకం. కథలో మా నాయన పోగులు విప్పే దుర్మార్గుడు కదా. పేరు పెట్టకపోయినా, నేత వీధుల్లో వాళ్లకు ఆ ఇల్లు ఎవరిదో తెలియకుండా పోతుందా? ఆ వంటింటి గోడా, ఆ వీధి కిటికీ, ఆ మంచమూ అందరూ చూసినవే. అయినా కూటానికి వచ్చేది పదిమంది రిటైర్డు ఉద్యోగులు, వాళ్లకు మా ఇల్లు ఏం తెలుసులే అనుకున్నాను.

గ్రంథాలయం గదిలోకి అడుగుపెట్టేసరికి రెండో వరుసలో మా నాయన కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని. ఆడవాళ్ల వైపు మా అమ్మ, పక్కన మా వీధి ఆడవాళ్లు నలుగురు. మాస్టారుకు కూరగాయల మార్కెట్లో మా అమ్మ కనబడిందంట. సంతోషం పట్టలేక చెప్పేశాడంట.

నీళ్లు తాగి వస్తానని బయటికి వచ్చి కుళాయి దగ్గర నిలబడ్డాను. సంచిలో ఉన్నది ఆ ఒక్క కథే. జ్వరం అని చెప్పేయొచ్చు, నుదురు పట్టి చూస్తే నమ్మేవాళ్లు కూడా, ఒళ్లంతా కాలిపోతోంది. బస్టాండు నాలుగు అడుగుల దూరం. పోతే ఎవరూ ఏమీ అనరు. ఇంకో పద్నాలుగేళ్లు పాత నకళ్లలో హాయిగా ఉండొచ్చు. నేను అట్లా నిలబడి ఉంటే నాయన బయటికి వచ్చాడు.

"ఏం పాపా, మైకు ల్యాకుండా సదువుతావా? గెట్టిగ సదువు. ఎనక కుర్చీల్లోకి గూడ ఇనపడాల" అన్నాడు. మొహంలో ఎంత సంబరమో. ఆ సంబరం చూస్తే పారిపోవడానికి కూడా మనసు రాలేదు. చదివితే ఆయన్ని నలుగురిలో కించపరుస్తాను, చదవకపోతే ఆయన ఉతుక్కున్న చొక్కా దండగైపోతుంది. ఏం చేయాలో తెలియక, లోపలికి పోయి చదివేశాను.

హద్దుల దగ్గర అందరూ నవ్వారు. నాయన అందరికన్నా గట్టిగా నవ్వాడు. "ఉత్తరం: అవ్వ మంచం" అన్నప్పుడు పక్కాయన్ని మోచేత్తో పొడిచి, "మా యమ్మ మంచమే" అన్నాడు. నేను పేజీ తిప్పాను. ఆమె గుంటలోకి దిగింది, నాడె పట్టుకుంది, జానెడు నేసింది. నవ్వులు ఆగిపోయాయి. చివరి పేజీ చదువుతుంటే తల ఎత్తలేదు. ఆయన వచ్చాడు, చూశాడు, పోగు పోగూ లాగేశాడు. ఒక్కొక్క వాక్యం చదువుతుంటే నా పళ్లు నేనే పీక్కుంటున్నట్టు ఉంది. అయిపోయాక తల ఎత్తితే, గదిలో సగం మంది మా నాయన వైపు చూస్తున్నారు. ఆయన నవ్వడం లేదు. అర్థం కాని మొహంతో తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

మాస్టారు ఏదో అనబోయాడు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ లేచి నిలబడింది. నలుగురిలో నోరెత్తి మాట్లాడగా నేను ఎప్పుడూ చూడని మా అమ్మ.

"అది అట్ల గాదు" అంది. "ఆయప్ప ఇప్పల్యా. ఆయప్పకు తెల్నే తెల్దు. నేనే ఇప్పినా."

నాయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. "ఏందీ? నువ్వు నేసినావా? మన మగ్గం మిందా?"

"మల్ల ఎవురి మగ్గం మింద నేస్తా?"

"ఎంత?"

"జానెడు."

"నేసి, మల్ల ఇప్పేస్తివా? ఏంటికి?"

అమ్మ కొంగు చేతికి చుట్టుకుంటూ నిలబడింది. "అంచు సక్కగ రాల్యా. ఒగ పక్క లోపలికి గుంజుకునింది. నువ్వొచ్చి సూస్తే నగుతావని, నువ్వు రాకముందే కూసోని ఇప్పేస్తి."

మా నాయన కుర్చీ పూర్తిగా ఆమె వైపు తిప్పుకున్నాడు. గదిలో ఇరవై మంది ఉన్నారన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

"మొదుట్లో ఎవురికైనా గుంజుకుంటాదే" అన్నాడు. "నాకు ఆర్నెల్లు గుంజుకునింది. మా నాయన ఆ గుడ్డలు సంతకు గూడ తీస్కపోల్యా, ఇంట్లో ఒళ్లు తుడుసుకునేకి పెట్టినాడు."

"ఆర్నెల్లా?" అంది అమ్మ.

"ఆర్నెల్లు."

"నాకు ఎప్పుడూ సెప్పల్యా గదా."

"నువ్వు ఎప్పుడూ అడగల్యా గదా."

గది గదంతా పగలబడి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది, ఆ కొంగు చాలాసేపు తీయలేదు. నేను ఆమె పక్కకు పోయి కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చేశాను కూడా. ముప్పై ఏళ్లు ఒక మనిషి మీద చేయని తప్పుకు కోపం పెట్టుకున్నందుకు సగం, ముప్పై ఏళ్లు ఒక మనిషి జానెడు గుడ్డ చూపించలేక కండెలు చుట్టుకుంటూ ఉండిపోయినందుకు సగం. నేను కథలు తుడిచేసిన సంగతి కూడా అప్పుడు గుర్తొచ్చింది. అవి ఏమిటో కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.

ఇంటికి నడుస్తుంటే నాయన నా పక్కన నడిచాడు. "అయితే ఇన్నేండ్లు నేను ఇప్పినాననే అనుకుంటివా?"

"ఊ."

"అడిగింటే సెప్తాంటి గదా పాపా." నాలుగు అడుగులు వేశాక మళ్లీ అన్నాడు: "కత బాగుండాది. ఆ ఇప్పేటోడు నేను గాకపోయింటే ఇంకా బాగుండు."

ఇంట్లో అమ్మ అన్నం పెట్టింది. మా నాయన తింటూ, "మగ్గం ఆడనే ఉండాది. రేపు పొద్దున దిగు" అన్నాడు ఆమెతో. "ఈ వయసులోనా? మోకాళ్లు యాడ వంగుతాయి?" అంది. దిగనని మాత్రం అనలేదు.

సోమవారం కొట్లో కథ చివరి పేజీ మళ్లీ రాశాను. విప్పింది ఆమే అని రాశాను. భర్త ఎర్ర పట్టీ దగ్గర కూర్చుని, ఏమీ తెలియక, ముందుకు నేసుకుంటూ పోతాడు. సి.బెళగల్ అవ్వకు సరిగ్గా లేదనిపించిన చోటు అదే. ఆమెకు చేను సంగతే కాదు, కథ సంగతి కూడా తెలుసు. కొట్లో పార్టీలు లేని సమయం చూసి చాచాను బెంచీ మీద కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. ఆయన ప్రతి వాక్యానికీ "ఊ" అన్నాడు, గుండె దగ్గర రెండుసార్లు అన్నాడు. ఆ తర్వాత కింద నా పేరు రాసి, ఒక పత్రికకు పంపించాను.

వాళ్లు వేస్తారో వెయ్యరో తెలియదు. రెండో పేజీలో ఒక చోట బాగా కుదరలేదని నాకే తెలుసు, అక్కడ అంచు లోపలికి గుంజుకునే ఉంది. పంపించే ముందు చెయ్యి తుడిచేసే మీట దాకా పోయింది. మా అమ్మ గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.